ముక్కోణంలోని అంకె

స్వర్ణముఖి నది చంద్రగిరి ప్రాంతపు కొండల్లో పుట్టి, శ్రీకాళహస్తి గుడి పక్కగా ప్రవహించి, నాయుడుపేటను తాకుతూ బంగాళాఖాతం వైపు సాగిపోతుంది. ఏడాదిలో అధిక భాగం అది ఇసుక నది. ఈశాన్య రుతుపవనాలు వచ్చినప్పుడే దానికి జీవం వస్తుంది. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే జాతీయ రహదారి నుంచి తిరుపతి దారి చీలేది ఈ ఊరి వద్దనే. 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ పట్టణం ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిది. జిల్లా పేరు మారినా, తెల్లవారగానే ఈల వేసుకుంటూ వీధిలోకి వచ్చే చెత్తబండి మారలేదు.

ఆ ఈల వినపడగానే ప్రతి గుమ్మం నుంచి ఒక చేయి బయటికి వస్తుంది. ఆ చేతిలో ముడివేసిన ప్లాస్టిక్ సంచి ఒకటి ఉంటుంది. నిన్న రాత్రి మిగిలిన చారన్నం, కూరగాయల తొక్కలు, రెండు పాల కవర్లు, పిల్లవాడు తిని పారవేసిన చిరుతిండి ప్యాకెట్టు, తలనొప్పి మాత్రల అట్ట, ఖాళీ నీళ్ల సీసా, అరిగిన పళ్ల బ్రష్షు అన్నీ అందులోనే ఉంటాయి. ముడి బిగిసింది, ఇల్లు శుభ్రమయింది. ఆ సంచి ఎక్కడికి పోతుందో, దాన్ని ఎవరు విప్పుతారో, విప్పిన చేతికి ఏమి తగులుతుందో గుమ్మం లోపలివారికి తెలియదు. తెలియదు కనుకనే ఆ ముడి అంత తేలికగా పడుతున్నది.

ఒకప్పుడు తెలుగింట చెత్త అనే మాటకు ఇంత విస్తృతి లేదు. ఉప్పూ పప్పూ కాగితపు పొట్లాల్లో వచ్చేవి. నూనె కోసం ఇంటినుంచే గిన్నె పట్టుకొని పోయేవారు. పెళ్లి భోజనం విస్తరాకులో జరిగేది, ఎంగిలి విస్తళ్లు పెంటకుప్పకు చేరేవి, పెంట పొలానికి చేరేది. సొట్టపోయిన ఇత్తడి చెంబు కంచరివాని వద్దకు పోయేది. చిరిగిన చీర బొంతలో పొరగా మారేది. పాత సామాను కొనే బండి వీధిలోకి వస్తే అవ్వలు అటకమీది మూటలు దింపేవారు. నెల్లూరు సీమలో ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారు. పాత ఇనుముకు ఇన్ని ఎర్రగడ్డలు, ఇత్తడికి ఇంత డబ్బు, సీసాకు ఇంత, పాత పుస్తకాలకు ఇంత అని గుమ్మంలోనే బేరం తెగేది. ఇనుములో ఇత్తడి కలిపి తూకానికి పెట్టే అమాయకురాలు ఆ వీధిలో ఒక్కతె కూడా ఉండేది కాదు. కలిపితే ఇత్తడి సైతం ఇనుము ధరకే పోతుందని ఆ అవ్వలకు తెలుసు. వర్గీకరణ అనే మాట వారు విని ఉండరు, వర్గీకరణ మాత్రం వారికి కరతలామలకం.

ప్లాస్టిక్ రాగానే ఆ విద్య ఒక్కసారిగా మాయమైపోలేదు. విరిగిన బకెట్టును, చీలిపోయిన బిందెను అవ్వలు బండివాని కోసం దాచే ఉంచారు. అయితే ఆ తరువాత పలుచని కవర్లు వచ్చాయి, అరచేతిలో ఇమిడే ప్యాకెట్లు వచ్చాయి. వాటిని ఏ బండివాడూ అడగలేదు. అడగని వస్తువును దాచవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. అంతటితో ఇంటిలోని ఆ పాత విద్యకు వారసులు లేకుండా పోయారు.

నిజానికి ప్లాస్టిక్ అన్నది ఒక పదార్థం పేరు కాదు. లోహం అన్న మాటలో బంగారం, ఇనుము, సీసం ఇమిడి ఉన్నట్లే ఈ మాటలోనూ ఒక పెద్ద కుటుంబం ఇమిడి ఉన్నది. 1907లో లియో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు బేకలైట్‌ను తయారుచేశాడు. పాత విద్యుత్ స్విచ్చుల నల్లని బిళ్లలు దానితో చేసినవే. 1933లో ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో, వేరే దానికోసం చేస్తున్న ప్రయోగంలో, పాలీఎథిలీన్ అనుకోకుండా పుట్టింది. 1954లో ఇటలీకి చెందిన గియులియో నట్టా పాలీప్రొపిలీన్‌ను రూపొందించాడు. అమెరికాకు చెందిన నథానియెల్ వైయెత్‌కు నేటి శీతలపానీయాల సీసాపై 1973లో పేటెంటు లభించింది. ఒక్కొక్కటి పుట్టిన ఊరు వేరు, గుణం వేరు, కరిగే వేడి వేరు. వీటన్నిటినీ ఒకే సంచిలో ముడివేయడం వంటగదిలోనే సాధ్యం. కర్మాగారంలో మాత్రం సాధ్యం కాదు.

రోలండ్ గేయర్, జెన్నా జాంబెక్, కారా లా అనే ముగ్గురు పరిశోధకులు 2017లో ఒక లెక్క ప్రకటించారు. 1950 నుంచి 2015 వరకు ప్రపంచంలో 830 కోట్ల టన్నుల ప్లాస్టిక్ తయారయింది. అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే చెత్తగా మారాయి. ఆ చెత్తలో తిరిగి వాడుకలోకి వచ్చింది సుమారు 9 శాతం. దాదాపు 12 శాతాన్ని తగులబెట్టారు. మిగిలిన 79 శాతం దిబ్బల్లోనో, నేలమీదనో, నీటిలోనో ఉండిపోయింది. ఇంత తక్కువగా తిరిగిరావడానికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి మాత్రం ఇంటి గుమ్మానికి చాలా దగ్గరగా ఉన్నది.

ఏ సీసానైనా తలకిందులు చేసి చూస్తే దాని అడుగున ఒక చిన్న ముక్కోణం, అందులో ఒక అంకె కనిపిస్తాయి. 1988లో అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమల సంఘం ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఒకటి నుంచి ఏడు వరకు ఉండే ఆ అంకెలు పదార్థం ఏ జాతికి చెందినదో చెబుతాయి, అంతకుమించి చెప్పవు. అయితే ముక్కోణం చుట్టూ ఒకదానినొకటి తరుముకునే మూడు బాణాలు గీశారు. ఆ బాణాలు చూసినవారంతా ఈ వస్తువు తప్పక తిరిగి వాడుకలోకి వస్తుందని నమ్మారు. ఆ అపోహ పాతికేళ్లు సాగింది. చివరకు 2013లో ఆ ప్రమాణాన్ని నిర్వహించే సంస్థ బాణాలను తీసివేసి సాదా ముక్కోణాన్ని నిర్ణయించింది. పాత బాణాల గుర్తు మాత్రం సీసాలమీద నేటికీ విరివిగా కనిపిస్తూనే ఉన్నది. చదువుకున్నవారు సైతం దానిని చూసి మోసపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ అంకె కులగోత్రాలు చెబుతుందే గాని జాతకం చెప్పదు.

నాయుడుపేటలోని ఏ సామాన్య గృహంలోనైనా ఈ ఏడు అంకెలూ ఉంటాయి. మొదటి అంకె నీళ్ల సీసాది, శీతలపానీయపు సీసాది. దీనిని వ్యాపారులు పెట్ అని పిలుస్తారు. గాజులా స్వచ్ఛంగా ఉంటుంది, నొక్కితే చిటపటమంటుంది. అడుగున సరిగ్గా మధ్యలో ఒక చిన్న చుక్క ఉంటుంది. అచ్చులోకి పదార్థం దూరిన చోటు అదే. చెత్తలో దీనికి గౌరవం ఎక్కువ. శుభ్రంగా చేరితే దీనిని ముక్కలు చేసి, వేడి నీటిలో కడిగి, కరిగించి నూలుగా తీస్తారు. దిండ్లలో నింపే తెల్లని దూది, చవకైన చొక్కాల బట్ట ఈ విధంగా తయారయ్యేవే.

రెండవ అంకె గట్టి పాలీఎథిలీన్‌ది. నీలిరంగు కొబ్బరినూనె డబ్బా, షాంపూ సీసా, ఫినాయిలు డబ్బా ఈ జాతివి. వెలుతురు దీని గుండా స్పష్టంగా ప్రసరించదు. పట్టుకుంటే మైనపు స్పర్శ తెలుస్తుంది. అడుగున చుక్కకు బదులు అడ్డంగా ఒక అతుకు గీత ఉంటుంది. నాలుగవ అంకె దీని తమ్ముడిది. అదే పాలీఎథిలీను, కాని మెత్తనిది. పాల కవరు దీనికి చక్కని ఉదాహరణ. కవర్లను చెవితోనే గుర్తుపట్టవచ్చునని పాత సామాను దుకాణాల్లో పనిచేసేవారికి తెలుసు. నలిపితే గలగలమనే పలుచని సంచి రెండవ జాతి. చప్పుడు చేయక వేలిని అనుసరించి సాగేది నాలుగవ జాతి. కొత్త చీరను చుట్టి ఇచ్చే కవరు అద్దంలా మెరుస్తూ, కరకరమని చప్పుడు చేస్తుంది. అది ఐదవ జాతి, పాలీప్రొపిలీన్. బియ్యం బస్తా పోగు, భోజనం పార్శిలు కట్టే గట్టి డబ్బా, సీసా మూతల్లో చాలా భాగం ఆ జాతివే.

పాల కవరు విషయంలో ఒక చిన్న మాట చెప్పక తప్పదు. కవరు మూలను కత్తెరతో పూర్తిగా కత్తిరించి ఆ చిటికెడు ముక్కను పారవేయడం దాదాపు ప్రతి వంటగదిలోని అలవాటు. కవరును ఎవరైనా ఏరుతారు. వేలిగోరంత ఉన్న ఆ ముక్కను మాత్రం ఎవరూ ఏరలేరు. అది తూములో పడి, కాలువ దాటి, నదికి చేరుతుంది. ముక్క ఊడిపోకుండా సగం వరకే కత్తిరిస్తే పాలు అంతే చక్కగా గిన్నెలోకి వస్తాయి. వంటగదిలో దీనికంటే సులభమైన సంస్కరణ మరొకటి ఉండదు.

ఆరవ అంకె పాలీస్టైరీన్‌ది. పెళుసుగా విరిగే పలుచని గ్లాసులు, కొన్ని పెరుగు కప్పులు, టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోలు దీనివి. ప్లాస్టిక్ కప్పులు, పళ్లాలు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోలు మొదలైనవాటిని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా విందులు జరిగిన మరుసటి రోజు వీధి మొగల్లో అవి కనిపించడం మానలేదు. ఏడవ అంకె వాస్తవానికి జాతి కాదు, పై ఆరింటిలో చేరని వాటన్నిటికీ పెట్టిన పేరు. చిరుతిండి ప్యాకెట్టును చింపి చూస్తే లోపల వెండిపూత మెరుస్తుంది. ఒక పొర ప్లాస్టిక్, దానిమీద లోహపు పూత, మళ్లీ మరో ప్లాస్టిక్ పొర. అప్పడాల పిండిలా కలిసిపోయిన ఆ పొరలను తిరిగి విడదీయడం లాభసాటి కాదు. పైగా పదులకొద్దీ ఏరినా తూకానికి ముల్లు కదలదు. అందుకే దినమంతా దిబ్బలమీద తిరిగేవారు కూడా వాటిని తొక్కుకుంటూ పోతారేగాని వంగి తీసుకోరు.

మూడవ అంకెను వరుస తప్పించి చివరకు ఉంచడానికి కారణం ఉన్నది. అది పాలీవినైల్ క్లోరైడ్, వాడుకలో పి.వి.సి. ఇంటి నీటి గొట్టాలు, విద్యుత్ తీగల తొడుగులు, నేలమీద పరచే షీట్లు, చాలావరకు మాత్రల అట్టలు దీనితో చేసినవే. గొట్టంగా ఉన్నంతకాలం అది ఎన్నో ఏళ్లు నమ్మకంగా పనిచేస్తుంది. అయితే దాని శరీరంలో క్లోరిన్ ఉన్నది. పెట్ సీసాలు కరగడానికి దాదాపు 250 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి చాలా ముందే పి.వి.సి. కుళ్లిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు వాయువును విడుస్తుంది. శుభ్రమైన పెట్ ముక్కల రాశిలో ఈ జాతి ముక్కలు పిడికెడు పడినా ఆ రాశి పసుపెక్కి, నల్లమచ్చలు కట్టి, బలం కోల్పోతుంది. కుండెడు పాలలో ఉప్పుకల్లు పడినట్లన్నమాట. చలికాలపు ఉదయాల్లో వీధి చివర చెత్తను పోగుచేసి అంటించి చలికాచుకునే అలవాటు చాలా ఊళ్లలో ఉన్నది. ఆ మంటలో ఒక పాత గొట్టం ముక్క ఉంటే చాలు, ఆమ్లపు వాయువుతోపాటు డయాక్సిన్లనే విషపదార్థాలు కూడా ఆ పొగలో కలుస్తాయి. చుట్టూ చేతులు చాచి కూర్చున్న పిల్లలకు ఆ సంగతి చెప్పేవారు ఉండరు.

ముక్కోణం అరిగిపోయి అంకె కనిపించకపోతే ఒక బకెట్టు నీరు సహాయపడుతుంది. ఆర్కిమెడీస్ సూత్రం పాఠశాలలో చదివినవారందరికీ ఈ పరీక్ష సాధ్యమే. నీటి సాంద్రత 1 అనుకొంటే పాలీప్రొపిలీన్ సాంద్రత సుమారు 0.9, పాలీఎథిలీన్ రకాలవి 0.91 నుంచి 0.97 వరకు. అందుచేత ఈ జాతుల ముక్కలు తేలుతాయి. పెట్ సాంద్రత సుమారు 1.38. పి.వి.సి. సాంద్రత కూడా దాదాపు అంతే. అందుచేత అవి మునుగుతాయి. పాలీస్టైరీన్ సాంద్రత 1.05 కనుక అది మామూలు నీటిలో మునిగి, కోస్తాలోని ఉప్పు మడుల నీటివంటి చిక్కని ఉప్పునీటిలో తేలుతుంది. థర్మోకోలుకు మాత్రం ఈ పరీక్ష వర్తించదు. అదీ పాలీస్టైరీనే అయినా దానినిండా గాలి ఉన్నది. నీళ్ల సీసాను ముక్కలు చేసి మూతతోసహా బకెట్టులో వేస్తే ఒక చిత్రం కనబడుతుంది. సీసా ముక్కలు అడుగుకు పోతాయి, మూత పైకి వస్తుంది. పెద్ద కర్మాగారాల్లో సీసా ముక్కలనుంచి మూతల ముక్కలను వేరుచేసే తొట్టెలు కూడా ఈ సూత్రంమీదనే పనిచేస్తాయి. ఇక్కడొక చిక్కు ఉన్నది. పెట్, పి.వి.సి. రెండూ మునిగేవే. ఏ రెండింటిని తప్పక వేరుచేయాలో సరిగ్గా ఆ రెండింటినే నీరు వేరుచేయలేదు. అక్కడ మళ్లీ మనిషి కన్నూ, మనిషి చెయ్యే కావాలి.

ఆ కన్నూ, ఆ చెయ్యీ ఎవరివి? చెత్తబండి వెంట నడిచే పారిశుద్ధ్య కార్మికురాలివి. ఆ తరువాత దిబ్బ దగ్గర గోనెసంచి భుజాన వేసుకొని వంగి ఏరే స్త్రీలవి. వారిలో చాలామందికి అక్షరాలు రావు. ముక్కోణంలోని అంకెను వారు చదవవలసిన అవసరమూ లేదు. గోరుతో ఒక గీత గీస్తారు, చెవి దగ్గర ఒకసారి నలుపుతారు, వెలుతురుకు ఎత్తి చూస్తారు, సంచిలో ఏ వైపు వేయాలో ఆ వైపు వేస్తారు. రసాయన శాస్త్రం పట్టా లేకుండానే పదార్థాల మర్మం తెలిసిన ఆ చేతులకు సమాజంలో ఉన్న పేరు చెత్త ఏరుకునేవారు. ఒకసారి ఆ చేతుల్ని దగ్గరగా చూసినవారు ఆ పేరును అంత సులభంగా పలకలేరు. మాత్రల అట్ట అంచు కోసిన గాటు ఒకటి, పగిలిన సీసా పెంకు దిగిన మచ్చ ఒకటి, పులిసిన అన్నపు నీటిలో నానిన వేళ్లు. ఒకే సంచిలో అన్నీ కలిపి ముడివేసిన ఫలితం మొట్టమొదట వ్రాయబడేది ఆ చేతులమీదనే.

"అమ్మా, పాలకవరు కడిగి ఆరబెట్టి వేరే ఇస్తే దానికి ఇలవుండాది. కూరలో ముంచి ఇస్తే దిబ్బకే పోతాది" అని బండి దగ్గర నిలబడిన కార్మికురాలు అంటే, "అట్లాగా అక్కా! రెండూ ఒకటేననుకొంటిని" అని గుమ్మంలోని ఇల్లాలు నొచ్చుకోవచ్చు. ఇటువంటి సంభాషణ జరగడానికి అరనిమిషం పడుతుంది. జరగకపోవడానికి మాత్రం ఏళ్లు పట్టింది. బండి ఆగేది క్షణమే, ఇల్లాలికి పొయ్యిమీద పాలు పొంగుతుంటాయి, ముడివేసిన సంచి చేయి మారుతుంది. అన్నం మెతుకులు అంటిన కవరు ఎండలో రెండు రోజులుంటే ఎంత నిపుణురాలైనా దానిని తీసుకోదు. తడి తగిలిన కాగితం, జిడ్డు తగిలిన డబ్బా కూడా అంతే. ఉదయం ఆరు గంటల వరకు సరుకుగా ఉన్న వస్తువు ముడి పడిన తరువాత చెత్త అవుతుంది. వస్తువు మారలేదు, పొరుగు మారింది.

ఆ ముడిని విప్పే చేయి లేనిచోట మరొక నోరు ఉన్నది. నాయుడుపేటలోనే కాదు, ఆంధ్రదేశంలోని ఏ పట్టణంలోనైనా పగటిపూట వీధుల్లో ఆవులు తిరుగుతుంటాయి. సంచిలోని అన్నం వాసన వాటికి తెలుస్తుంది, ముడి విప్పడం మాత్రం వాటికి తెలియదు. అందుచేత సంచితోసహా మింగుతాయి. ఆవు పొట్టలోని నాలుగు గదుల్లో మొదటి పెద్ద గదిలో ఆ సంచి చిక్కుకుంటుంది. అది జీర్ణం కాదు, బయటికీ పోదు. ఏళ్ల తరబడి అక్కడే పేరుకొని తాడులా పెనవేసుకుంటుంది. పొట్ట నిండుగా ఉన్నట్లే ఉంటుంది, ఆవు మాత్రం చిక్కిపోతుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతుసంరక్షణ సంస్థ ఇటువంటి పశువులకు శస్త్రచికిత్సలు చేయించి, కడుపులోనుంచి ప్లాస్టిక్‌ను బయటికి తీయించింది. ఆ అనుభవంతోనే 2012లో మరికొందరితో కలిసి సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. దేశంలోని ప్లాస్టిక్ సంచుల సమస్య ఒక రాయలసీమ పట్టణపు గోశాల నుంచి అత్యున్నత న్యాయస్థానం మెట్లెక్కడం గమనించదగిన విషయం. గోమాతకు పసుపు కుంకుమలు పెట్టి మొక్కే చేయి, అన్నం సంచికి ముడివేసే చేయి ఒకటే కావడం అంతకన్నా గమనించదగినది.

చట్టాలు లేవని కాదు. సంచి మందాన్ని 1999లో 20 మైక్రాన్లుగా నిర్ణయించారు, 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెంచారు. మందం పెంచితే ప్లాస్టిక్ ఎక్కువ అవుతుంది కదా అన్న సందేహం సహజం. సంచి దళసరి అయితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఏరేవారికి కిట్టుబాటు అవుతుంది, ధర పెరిగితే కొట్టువాడు ఉచితంగా ఇవ్వడు. అదీ దానిలోని తర్కం. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు తడి చెత్తను, పొడి చెత్తను, ఇంటిలోని ప్రమాదకర చెత్తను వేరుచేసి ఇవ్వడం ఇంటివారి విధి అని పేర్కొన్నాయి. 2021 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో పట్టణాల ఇళ్లకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగుల బుట్టలు పంచారు. కొన్ని ఇళ్లలో ఆ బుట్టలు ఎంత నచ్చాయంటే వాటిలో చెత్త వేయడానికి మనసొప్పక బియ్యమూ, బట్టలూ దాచుకున్నారు.

అయితే జరగని పని కాదిది. 2000వ దశకపు తొలి సంవత్సరాల్లోనే సూర్యాపేట పురపాలక సంఘం ఇంటింటి నుంచి తడి, పొడి చెత్తలను వేరువేరుగా సేకరించి, తడిదానిని ఎరువుగా మార్చి, పొడిదానిని అమ్మి దేశంలో పేరు తెచ్చుకున్నది. అప్పటికి అది పెద్ద నగరం కాదు, ధనిక పట్టణమూ కాదు. గుమ్మం దగ్గర వేరయిన చెత్త బండిలో మళ్లీ కలిసిపోకపోవడమే అక్కడ జరిగిన అసలు పని. ఇంటివారు వేరుచేసి ఇచ్చినదానిని కళ్లముందే ఒకే తొట్టెలో కుమ్మరిస్తే మరునాడు ఏ ఇల్లాలూ వేరుచేయదు. తప్పు ఎప్పుడూ గుమ్మానికి లోపలివైపే ఉండదు.

ఎవరూ కొనని ఆ వెండిపూత ప్యాకెట్లకూ, పలుచని కవర్లకూ మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ ఒక దారి చూపారు. అక్షరాలా దారే. కంకరను దాదాపు 170 డిగ్రీల వరకు కాచి, దానిమీద ప్లాస్టిక్ తునకలు చల్లితే అవి కరిగి ప్రతి రాయికీ పలుచని పూతగా పడతాయి. ఆ తరువాత తారు కలిపి రోడ్డు వేస్తారు. ఈ పద్ధతికి 2006లో పేటెంటు, 2018లో ఆయనకు పద్మశ్రీ లభించాయి. చెత్తకు ఇంతకన్నా ఉదారమైన ఆతిథ్యం ఉండదు. కాని అక్కడ కూడా మూడవ అంకెకు ప్రవేశం లేదు. వేడి కంకరమీద పి.వి.సి. పడితే విషవాయువు లేస్తుంది, రోడ్డు వేసే కూలీలు ఆ గాలినే పీల్చవలసి వస్తుంది. చివరికి రోడ్డుకింద పాతిపెట్టడానికైనా ఏరవలసిందే.

తిరుమలకు పోయే భక్తుల బస్సులూ, కార్లూ నాయుడుపేట కూడలిలో ఆగి సాగుతాయి. 2022 నుంచి తిరుమల కొండమీద ప్లాస్టిక్ సీసాలకూ, సంచులకూ నిషేధం ఉన్నది. కొండ ఎక్కే ముందు ఖాళీ చేసిన సీసాలు కొండకింది ఊళ్లకు దక్కుతాయి. రహదారి పక్కన పడిన సీసా గాలికి దొర్లి కాలువలో పడుతుంది. వేసవిలో స్వర్ణముఖి ఇసుకమీద కవర్లు ఎండుటాకుల్లా కదులుతుంటాయి. 2015, 2021 నవంబరు మాసాల్లో నెల్లూరు, చిత్తూరు జిల్లాలను వరదలు ముంచెత్తినప్పుడు చూసినవారికి తెలుసు. నీరు దిగిన తరువాత ముళ్లకంపలకు, వంతెన స్తంభాలకు వేలాడేవి ఆకులు కావు. నదికి జ్ఞాపకశక్తి ఎక్కువ. వీధుల్లో ఏడాది పొడవునా పారవేసినదాన్ని అది ఒక్క వారంలో సముద్రానికి అప్పగిస్తుంది. అక్కడికి దక్షిణంగా, దొరవారిసత్రం దగ్గరి నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లల్ని పెంచుతాయి. వాటి వేట పులికాట్ సరస్సులో. పక్షి ముక్కుకు చేపకూ కవరుకూ తేడా చెప్పే ముక్కోణమేదీ నీటిలో ఉండదు.

సాయంకాలం వేళ ఒక ఇంటి పెరట్లో బట్టలు ఆరవేసిన దండెం చివర రెండు పాల కవర్లు క్లిప్పులకు వేలాడుతూ ఉంటాయి. చూసిన పొరుగింటివారు మొదట్లో నవ్వుతారు. వంటగది గూట్లో మూడు సంచులు ఉంటాయి. గట్టి సీసాలూ డబ్బాలూ ఒకదానిలో, మెత్తని కవర్లు ఒకదానిలో, మెరిసే ప్యాకెట్లు మరొకదానిలో. మాత్రల అట్టలకు, పాత బ్యాటరీలకు ఒక బిస్కెట్ల డబ్బా. తొక్కలూ మెతుకులూ మూతపెట్టిన బుట్టలో, సంచి లేకుండా. గట్టి డబ్బాల సంచి నిండడానికి నెల రోజులు పడుతుంది. మెరిసే ప్యాకెట్ల సంచి మాత్రం వారంలోనే ఉబ్బిపోతుంది. అలా ఉబ్బిన సంచిని చూసిన ఇల్లాలు పిల్లవానికి మరునాడు ఏమి కొనిపెట్టాలో, ఏమి మానాలో ఆలోచిస్తూ కాసేపు నిలబడుతుంది. అవ్వ మాత్రం గోడకు ఆనుకొని కూర్చుని కళ్లద్దాలు సవరించుకొని, కొబ్బరినూనె డబ్బాను తిరగవేసి, ముక్కోణంలోని అంకెను వేలితో తడుముతూ ఉంటుంది. "ఇది రెండోది. మూత విడిగా తియ్యి" అంటుంది మనవడితో. వీధిలో పాత సామాను బండి గంట వినిపిస్తుంది.